తాలు కుప్పలో దొరికిన పేరు

బస్సు దిగినవాళ్ళందరూ మొట్టమొదట అడిగేది ఒకటే. "ఇక్కడ చూడటానికి ఏముందండీ?"

నాకు ఒళ్ళు మండిపోతుంది. నరసరావుపేట నుంచి గంటన్నరసేపు ఎగిరెగిరి పడుతూ వస్తారు. దుమ్ము దులుపుకుని చుట్టూ ఓసారి చూస్తారు. పత్తిచేలు, మిరపచేలు, తుమ్మచెట్లు, ఎండ. ఆ ఎండేదో నేను కాయిస్తున్నట్టు నా మొహంలోకి చూస్తారు. ఏమీ లేదనుకుంటే ఎందుకొచ్చారు స్వామీ అని అడగాలనిపిస్తుంది. అడగను. అడిగితే ఉద్యోగం ఊడుతుంది.

నా పేరు యలమందయ్య. సంకుపాడు దిబ్బ పక్కనున్న రేకుల షెడ్డుకి కాపలాదారుని. ఊళ్ళో అందరూ మేష్టారూ అంటారు గాని నేను ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవాణ్ణి కాను. కళ్ళజోడు ఉంది, ఇంగ్లీషు వచ్చు, అందుకని ఆ పిలుపు అంటుకుంది.

చూడటానికి ఏముందా? దిబ్బ ఉంది. ఇరవై ఎకరాల దిబ్బ. రెండువేల ఏళ్ళ కిందటి ఊరు ఒకటి దాని కడుపులో ఉంది. గుండ్రటి మట్టి వరలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన బావి ఉంది, వానాకాలంలో ఇప్పటికీ అడుగున నీళ్ళు ఊరతాయి. మనిషి దిగి కూర్చుంటే తల కనబడనంత పెద్ద ధాన్యపు కుండ ఉంది. ఊరి శివాలయంలో నాలుగు పాతకాలపు స్తంభాలున్నాయి. వాటి మీద చెక్కిన ఏనుగులు కాళ్ళు పైకి పెట్టుకుని ఉంటాయి, ఎందుకంటే వాటిని ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చిన పుణ్యాత్ములు తిరగేసి నిలబెట్టారు. మాఘమాసంలో వస్తే దిబ్బ మీంచి మిరపకల్లాలు కనబడతాయి, ఊరి చుట్టూ నాలుగు వైపులా ఎర్రగా ఆరబోసి. ఇన్ని ఉన్నాయి. అయినా నేను చెబితే ఆవలిస్తారు. పున్నమ్మక్క చెబితే కళ్ళార్పకుండా వింటారు.

కాగితం మీద పున్నమ్మక్క షెడ్డు ఊడ్చే మనిషి. పొట్టిగా ఉంటుంది, మాట గట్టిగా ఉంటుంది, చేతివేళ్ళ కొసలు ఎర్రగా కాయలు కాసి ఉంటాయి. చదువు రాదు. చరిత్ర అంతకన్నా రాదు. ఆవిడకి వచ్చిందల్లా ప్రశ్నలు. వచ్చినవాళ్ళ చేతుల్లో తలో పెంకు పెట్టి, "ఇది దేని ముక్కో చెప్పండి చూద్దాం. కూరకుండా, నీళ్ళకుండా? కూరకుండైతే అడుగున మసి ఏదీ?" అని నిలదీస్తుంది. గుంటూరు నుంచి వచ్చిన ప్లీడర్లు కూడా పెంకు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం నేను కళ్ళారా చూశాను.

కానీ అదంతా తరవాత. ముందుగా అందరినీ షెడ్డు మధ్యనున్న అద్దాల పెట్టె దగ్గరికి తీసుకుపోతుంది. అందులో అరచేయంత పెంకు ఉంది, సగం నలుపు, సగం ఎరుపు, మీద నాలుగు గీతల గుర్తులు. దాన్ని చూపించి, "ఇది నేను పారేసిన పెంకండీ" అంటుంది. అని ఆగుతుంది. నా బల్ల వైపు ఒక్కసారి చూస్తుంది. ఆ తరవాతే కథ మొదలెడుతుంది. పదేళ్ళపాటు రోజూ ఇదే వరస.

ఆవిడ ఎందుకు ఆగేదో నేను ఈ మాఘంలో తెలుసుకున్నాను. తెలుసుకున్నాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

కల్లం సంగతి తెలియనివాళ్ళకి ముందు అది చెప్పాలి. కోసిన మిరపకాయలు కల్లంలో రెండు మూడు వారాలు ఎండాక ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఏరతారు. నిండుగా ఎర్రగా ఉన్నవి ఒక పక్క. పాలిపోయినవి, మచ్చపడినవి, కొస నల్లబడినవి ఇంకో పక్క. ఆ రెండో కుప్పనే తాలు అంటారు. మంచికాయల బస్తాలో తాలు కనబడితే గుంటూరులో వ్యాపారి సరిగ్గా ఆ ఒక్క కాయనే వేళ్ళతో పైకెత్తి పదిమందికీ చూపిస్తాడు. రైతుకి తల కొట్టేసినట్టవుతుంది.

పున్నమ్మక్క వరస మొదట కూర్చునే మనిషి. అంటే ఆవిడ చెయ్యి ఎంత జోరుగా ఆడితే మిగతా ఇరవై మంది చేతులూ అంత జోరుగా ఆడాలి. ఆవిడ కళ్ళు ఎటో ఉండేవి, నోరు ఎవరితోనో మాట్లాడుతుండేది, వేళ్ళు మాత్రం తాలుకాయ దగ్గర టక్కున ఆగేవి. ఊళ్ళో పెద్ద రైతు అంకారావు గారు ఆవిడ వచ్చేదాకా కల్లంలో పని మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. "పున్నమ్మ చెయ్యి పడ్డ బస్తా విప్పి చూడక్కర్లేదు" అని గుంటూరు కొట్లలో కూడా అనేవారట. సెంటు భూమి లేదు ఆవిడకి. మొగుడు పానకాలు ఒకరి కింద అరక దున్నేవాడు. ఆవిడ తలెత్తుకు తిరిగింది ఆ ఒక్క మాట మీదే.

పంతొమ్మిదివందల యాభై ఏడు చివర్లో దిబ్బ తవ్వడానికి డేరాలు వేసుకుని మనుషులొచ్చారు. ఆఫీసరు పరాంజపే గారు. పూనా మనిషి, సన్నగా, ఎప్పుడూ టోపీతో. తెలుగు ఒక్క ముక్క రాదు. నేను అప్పుడే ఎస్సెల్సీ అయి ఖాళీగా ఉన్నాను. పెంకుల మీద నల్లసిరాతో నంబర్లు వెయ్యడానికీ, ఆయన ఇంగ్లీషుని కూలీలకి తెలుగులో చెప్పడానికీ నన్ను పెట్టుకున్నారు. చంకలు గుద్దుకున్నాను.

ఊరికి ఇదేం నచ్చలేదు. ఆ దిబ్బ మన్నుని మేము పాటిమన్ను అంటాం. పాత ఊళ్ళ బూడిద, పెంట కలిసిన మన్ను, చేలో తోలితే మిరప ఏపుగా వస్తుంది. తాతల నాటి నుంచీ బళ్ళతో తోలుకుంటున్న మన్నుని ఎవరో వచ్చి తాడు కట్టి ముట్టుకోవద్దంటే ఎవరు ఊరుకుంటారు? చివరికి, తవ్వి చూసేసిన మన్ను తోలుకోవచ్చని పరాంజపే గారు ఒప్పుకున్నారు. బండి తోలే నాగూర్ వలి రోజూ సాయంత్రం ఆ మన్ను నింపుకుని పోయేవాడు. ఈ బండి సంగతి గుర్తు పెట్టుకోండి.

కల్లాల రోజులు వచ్చాయి. పున్నమ్మక్క కల్లానికి పోకుండా దిబ్బ దగ్గరికొచ్చి నిలబడింది.

"అంకారావు గారు కబురు పెట్టలేదా అక్కా?" అన్నాను.

"పెట్టాడు. కల్లం ప్రతేడూ ఉంటదయ్యా. భూమిలోంచి ఊరు బయటికి రావడం మళ్ళా ఎప్పుడు చూస్తా? నాకూ ఏదో ఒక పని చెప్పు."

పరాంజపే గారు ఆవిడ్ని పెంకులు ఏరడానికి పెట్టుకున్నారు. ఏది ఎట్లా ఏరాలో పావుగంట చెప్పారు. అంచు ఉన్నవి ఉంచాలి, అడుగు ఉన్నవి ఉంచాలి, రంగు ఎలాంటిదైనా సరే మీద గీత, గుర్తు, గాటు ఏది ఉన్నా తప్పకుండా ఉంచాలి, ఏ గుర్తూ లేని ఉత్త ముక్కలు తీసెయ్యొచ్చు. ఎండ మాడు పగలగొడుతోంది. నాకు నంబర్లు వెయ్యాల్సిన పెంకులు రెండు తట్టలు మిగిలి ఉన్నాయి. పావుగంట ఇంగ్లీషుని నేను ఒక్క మాటలో తేల్చేశాను.

"మిరపకాయలు ఏరినట్టే ఏరక్కా. మంచివి ఉంచు, తాలు తీసెయ్."

"ఇందులో తాలు అంటే ఏదయ్యా?" అని అడిగింది. అడగకపోతే నా మనసు ఇంత కుమిలేది కాదు. స్పష్టంగా అడిగింది.

"నీకు నేను చెప్పాలా? నీ చెయ్యే చెబుతుందిలే" అన్నాను. మెచ్చుకున్నాననుకుని నవ్వింది.

ఆవిడ చెయ్యి చెప్పింది. నున్నగా, ఎర్రగా, మచ్చలేని పెంకులన్నీ ముచ్చటగా ఒక కుప్ప. సగం నల్లగా సగం ఎర్రగా ఉన్నవి, గీతలు పడ్డవి, గాట్లు పడ్డవి తాలు కుప్ప. మంచి కుప్ప నా దగ్గరికొచ్చేది, నేను తలొంచుకుని నంబర్లు వేసేవాణ్ణి. తాలు కుప్ప సాయంత్రం మన్నుతోపాటు నాగూర్ వలి బండెక్కేది. రెండు నెలలు.

ఆ రెండు నెలలూ ఆవిడ సందేహాలు తీర్చలేక పరాంజపే గారు, వాటిని ఇంగ్లీషులోకి మార్చలేక నేను అల్లాడిపోయాం. ఈ ఊరివాళ్ళు ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళు? పిల్లలకి జ్వరమొస్తే ఏం చేసేవాళ్ళు? మధ్యలో చిల్లి ఉన్న మట్టిబిళ్ళ దొరికితే మేము ఆట వస్తువనుకున్నాం, ఆవిడ చేతిలోకి తీసుకుని, "కదురుకి కింద గుచ్చే బిళ్ళ ఇది. మా నాయనమ్మకి ఉండేది. అయితే వీళ్ళు పత్తి వడికారన్నమాట" అంది. పరాంజపే గారు టోపీ తీసి ఆవిడ వంక చూశారు.

ఒకరోజు, వీళ్ళు కూరలో కారం ఎంత వేసేవాళ్ళో అని అడిగింది. ఆయన నవ్వి, ఆ కాలంలో మన దేశంలో మిరపకాయే లేదనీ, అది సముద్రాలు దాటి నాలుగైదు వందల ఏళ్ళ కిందట వచ్చిందనీ, వీళ్ళు మిరియాలు వాడేవాళ్ళనీ చెప్పారు. నేను తెలుగులో చెప్పాను. పున్నమ్మక్క నమ్మలేదు.

"నువ్వు సరిగ్గా చెప్పలేదు. మళ్ళా అడుగు."

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే జవాబు.

"మిరపకాయ లేకుండా ఈ మెట్టలో ఏం పండించి బతికారయ్యా వీళ్ళు?" అని మూడు రోజులు బెంగగా తిరిగింది. పానకాలుతో చెబితే అతను అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని, "పాపం" అన్నాడట.

మార్చి నెలాఖరున పరాంజపే గారు అందర్నీ డేరా ముందుకి పిలిచారు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది. ఇంత తవ్వినా ఒక్క రాత దొరకలేదన్నారు. ఈ ఊరు ఎప్పటిదో, ఎవరిదో చెప్పే ఒక్క అక్షరం లేదు. అది లేకపోతే పైవాళ్ళు ఇక తవ్వకం సాగనివ్వరు, దిబ్బని ఊరికి వదిలేస్తారు, ఏప్రిల్ ఆఖరుకి డేరాలు ఎత్తేస్తాం అన్నారు. "రాత అంటే రాళ్ళ మీదే ఉండక్కర్లేదు. కుండల మీద కూడా గీసేవాళ్ళు. ఇలా ఉంటుంది" అని పుల్లతో ఇసకలో నాలుగైదు పాతకాలపు అక్షరాలు గీశారు.

ఆ పావుగంట ఇంగ్లీషంతా ఒక్కసారి చెవిలో మోగింది. పక్కకి చూశాను. పున్నమ్మక్క వంగి ఆ గీతల వంకే చూస్తోంది. అట్నుంచటే ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇత్తడిచెంబు పట్టుకుని వచ్చింది. మా వైపు ఆడపిల్లకి ఇచ్చే సామాను మీద పేరు కొట్టిస్తారు, పెళ్ళిళ్ళలో నలుగురి గిన్నెలూ కలిసిపోతే ఎవరిది వాళ్ళు తెచ్చుకోవడానికి. ఆ చెంబు వాళ్ళమ్మది.

"యలమందా, సారుకి చెప్పు. ఇది మా అమ్మ పేరు, మాణిక్యమ్మ. నాకు చదువు రాదు గాని కళ్ళు మూసుకుని తడిమినా ఇది మా అమ్మ పేరని చెప్తా." బొటనవేలు చెంబు మెడ మీద రాస్తోంది. "ఇట్టా వేలికి తగిలే గీతలున్న పెంకులు ఎన్నో వచ్చినై. మచ్చలనుకుని పారేశా. మొదట్నించీ పారేస్తన్నా. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. పరాంజపే గారి మొహం జేవురించింది. అరవలేదు. మెల్లగా ఇంగ్లీషులో అడిగారు. "అలా పారెయ్యమని ఆమెకి ఎవరు చెప్పారు?"

ఆ ప్రశ్నని నేను తెలుగులో చెప్పలేదు. పున్నమ్మక్క నా మొహంలోకే చూస్తోంది. డేరాలు ఎత్తేశాక ఇక్కడో షెడ్డు వేయిస్తాననీ, దాని కాపలా ఉద్యోగం నాకు ఇప్పిస్తాననీ ఆయన మాటిచ్చి పట్టుమని వారం కాలేదు.

"ఎవరూ చెప్పలేదండీ. ఆమెకే తెలియలేదు" అన్నాను ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

"ఏమన్నారయ్యా?" అంది పున్నమ్మక్క.

"ఏం లేదక్కా. దొరుకుతాయేమో వెతకమన్నారు."

నాగూర్ వలిని పట్టుకుంటే, తాలు కుప్పలన్నీ అంకారావు గారి పడమటి చేలోకి తోలానన్నాడు. నలభై బళ్ళ మన్ను. ఆవిడ పోయి చేలో దిగుతానని అడిగింది. "నా కల్లం కాదని పోయావు. ఇప్పుడు నా చేలో తాలు ఏరతావా?" అన్నాడు అంకారావు గారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పోనీలే అని దిగనిచ్చాడు.

చైత్రమాసపు ఎండ. పత్తి తీసేటప్పుడు కట్టుకున్నట్టే నడుముకి ఒడి కట్టుకుని, సాలు వెంట సాలు వంగి నడిచేది. ప్రతి పెంకునీ తీసి బొటనవేలితో తుడిచి, తడిమి, ఒడిలో వేసుకునేది. నేనూ మధ్యాహ్నాలు వెళ్ళి ఇంకో సాలు పట్టుకునేవాణ్ణి. ఎందుకొచ్చావని ఆవిడ అడగలేదు, ఎందుకొచ్చానో నేను చెప్పలేదు. ఎనిమిది రోజులు మట్టికొట్టుకున్న పెంకులే. తొమ్మిదో రోజు సాయంత్రం ఉరుములతో ఒక వాన పడింది. మర్నాడు చేను మొత్తం పెంకులు కడిగి ఆరబెట్టినట్టు బయటపడ్డాయి.

పదిగంటలకి ఆవిడ డేరా దగ్గరికొచ్చి ఒడి విప్పి బల్ల మీద పోసింది. కేకలేమీ వెయ్యలేదు. సగం నలుపు, సగం ఎరుపుగా ఉన్న ఒక పెంకు మీద బొటనవేలు పెట్టి అట్లాగే నిలబడింది. పరాంజపే గారు భూతద్దం పెట్టి చూశారు. పెదవులు కదిపారు. భూతద్దం కింద పెట్టేసి మళ్ళీ తీశారు.

"నా, గి, కా, య. నాగికది అని అర్థం. నాగిక అనే ఆవిడది ఈ కుండ."

"ఎవరావిడ?" అంది పున్నమ్మక్క.

"తెలియదు. రెండువేల ఏళ్ళు దాటి ఉంటుంది, ఆవిడ ఇది గీసుకుని."

"కుండ మీద పేరెందుకు గీసుకుందంట? పెళ్ళిలో మారిపోకుండానా?"

నేను అడిగాను. ఆయనకి కళ్ళ నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వుతున్నారు. "అయ్యుండొచ్చు. ఇంతకన్నా మంచి కారణం నాకు తెలియదు."

"అయితే మా అమ్మలాంటిదే" అని చెంబు వంక చూసుకుంది.

దిబ్బ నిలబడింది. మరి రెండేళ్ళు తవ్వారు. రేకుల షెడ్డు వచ్చింది, అద్దాల పెట్టె వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది. పరాంజపే గారు పట్టుపట్టి ఆ పెంకుని ఇక్కడే ఉంచారు.

ఊళ్ళో మాత్రం దొరికిన పెంకు ఎవరికీ గుర్తులేదు. పారేసిన పెంకులు అందరికీ గుర్తున్నాయి. తరవాతి మాఘంలో పున్నమ్మక్కకి ఏ కల్లం నుంచీ కబురు రాలేదు. తనే అంకారావు గారి కల్లానికి వెళ్ళింది. వరస మొదట మల్లేశ్వరి అనే వేరే మనిషి కూర్చుని ఉంది. "అమ్మో, పున్నమ్మొచ్చింది, మంచికాయలు దాచిపెట్టండే" అని ఎవరో అన్నారు. కల్లమంతా గొల్లుమంది. అంకారావు గారు ఆవిడ వంక చూడకుండా, "ఇక్కడ మనుషులు సరిపోయారు" అన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగింది. నేను ఆ రోజు కల్లం పక్కనే ఉన్నాను. చెప్పాలంటే చెప్పొచ్చు. నాలుక పైకి లేవలేదు.

ఊడ్చే పనికి ఆవిడ్ని పెట్టుకోమని పైకి అర్జీ రాసింది నేనే. పని వచ్చింది. అంతటితో సరిపోయిందని మనసుకి సర్దిచెప్పుకున్నాను. మనసు కూడా నా లాంటిదే, సర్దుకుంది.

పదేళ్ళు గడిచాయి. ఈ మాఘంలో గుంటూరు నుంచి కాలేజీ ఆడపిల్లలు ఒక బస్సులో వచ్చారు. పున్నమ్మక్క ఎప్పటిలాగే పెట్టె దగ్గరికి తీసుకుపోయి, "ఇది నేను పారేసిన పెంకండీ" అంది. ఆగింది. నా వైపు చూసింది. నేను రిజిస్టర్లో తల దూర్చాను.

కథంతా విన్నాక ఒక పిల్ల, నసీమున్నీసా అట పేరు, సన్నగా, జడ ముందుకేసుకుని ఉంది, అడిగింది. "అమ్మా, మీకు ముందే ఎవరూ చెప్పలేదా, ఏవి ఉంచాలో ఏవి పారెయ్యాలో?"

ఇన్నేళ్ళలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

పున్నమ్మక్క మళ్ళీ నా వైపు చూసింది. ఈసారి చాలాసేపు. తరవాత చూపు తిప్పుకుని, "ఎవరూ చెప్పలేదమ్మా. నాకే తెలీలా" అంది.

నేను ఇంగ్లీషులో పరాంజపే గారితో అన్న మాటే. అక్షరం తేడా లేదు. కళ్ళల్లో కారం కొట్టినట్టయింది నాకు. లేచి నిలబడ్డాను.

"నేను చెప్పానమ్మా" అన్నాను. "ఆఫీసరు గారు గీతలున్నవి ఉంచమన్నారు. నేను తాలు తీసెయ్యమని చెప్పాను. ఏది తాలు అని ఈవిడ అడిగింది కూడా. నేను చెప్పలేదు. తరవాత ఆయన అడిగితే ఈవిడదే తప్పన్నాను."

పిల్లలు ఎటు చూడాలో తెలియక అద్దాల పెట్టె వంక చూశారు. వాళ్ళ లెక్చరర్ గారు అందర్నీ బావి దగ్గరికి తీసుకుపోయింది. షెడ్డులో మేమిద్దరం మిగిలాం.

"నువ్వన్నావని తెలుసులే" అంది పున్నమ్మక్క.

"నీకు ఇంగ్లీషు రాదుగా అక్కా?"

"ఇంగ్లీషెందుకయ్యా? ఆ సారు అడిగినప్పుడు నీ మొహం చూశా. చిన్నప్పట్నించీ ఏరిన కళ్ళు, ఆ మాత్రం మచ్చ కనబడదా?"

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వే చెప్తావని. రోజూ ఆగి చూసేదాన్ని గదా." చీపురు గోడకి ఆనించింది. "పదేళ్ళయ్యా, యలమందా. కల్లం తొక్కి పదేళ్ళు దాటింది. మాఘం వస్తే ఆ ఘాటు ఇంట్లోకి కొడతది. తలుపేసుకుని కూర్చునేదాన్ని."

నేను ఏడ్చాను. సిగ్గులేకుండా ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే నాకు ఇంకా సిగ్గేసేది.

ఆ మధ్యాహ్నమే అంకారావు గారి కల్లానికి వెళ్ళాను. ఇరవై మంది ఏరుతున్నారు. అందరికీ వినపడేట్టు జరిగిందంతా చెప్పాను, పావుగంట ఇంగ్లీషు దగ్గర్నుంచీ. ఏరే చేతులు ఆగిపోయాయి. అంకారావు గారికి ఇప్పుడు డెబ్భై ఏళ్ళు. కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్, ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

వరస మొదట ఉన్న మల్లేశ్వరి లేచి, కొంగు దులుపుకుని, పోయి ఆఖర్న కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే.

మర్నాడు పొద్దున అంకారావు గారు తనే షెడ్డు గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. "పున్నమ్మా, కల్లంలో వరస మొదట ఎవరూ కూర్చోలేదు. నువ్వొస్తే మొదలెడదాం" అని మాత్రం అన్నాడు. ఆవిడ చీపురు నా చేతిలో పెట్టి వెళ్ళింది.

మధ్యాహ్నం దాకా ఏరిందట. మొదట చెయ్యి తడబడిందనీ, తరవాత మిగతావాళ్ళు అందుకోలేకపోయారనీ నాగూర్ వలి వచ్చి చెప్పాడు. షెడ్డు నేను ఊడ్చాను, సరిగ్గా రాలేదు. ఒంటిగంట బస్సు హారన్ వినబడింది. కాసేపటికి చేతులు మజ్జిగతో కడుక్కుని, తుమ్ముకుంటూ ఆవిడ వచ్చేసింది.

"అదేంటక్కా, కల్లం?"

"ఉంటదిలే. ఊరు చూట్టానికి జనం వచ్చారు గదా."

బస్సు దిగినవాళ్ళు నలుగురు. ఒంగోలు వైపు నుంచట. దుమ్ము దులుపుకున్నారు, చుట్టూ చూశారు. "ఇక్కడ చూడటానికి ఏముందండీ?" అన్నారు. నాకు ఎందుకో ఒళ్ళు మండలేదు. పున్నమ్మక్క వాళ్ళని అద్దాల పెట్టె దగ్గరికి తీసుకుపోయింది.

"ఇది నేనూ, ఆ బల్ల దగ్గరున్న మేష్టారూ కలిసి పారేసిన పెంకండీ" అంది. ఈసారి ఆగలేదు.